పెద్దమ్మ బొట్టు పెట్టిన బ్రేకు ప్యాడ్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లోకి కొత్తగా ఏ ఇనుప వస్తువు వచ్చినా ముందు దేవుడి గూటి దగ్గరికి వెళ్ళాల్సిందే. కొడవలి గానీ, గొర్రు గానీ, పత్తికి మందు కొట్టే డబ్బా గానీ, పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాకే వాడుకలోకి వచ్చేది. నాకిప్పుడు కోడలు కూడా వచ్చింది. అయినా ఇంట్లోకి కొత్త మిక్సీ వస్తే బొట్టు పెట్టిందాకా స్విచ్చి వెయ్యనివ్వను. పిల్లలు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, వాళ్ళ నవ్వుకు నేను భయపడే రోజులు ఎప్పుడో పోయాయి.

బొట్టు పెట్టే పని మా పెద్దమ్మది. అంటే మా నాన్నకు అన్నగారి భార్య. చిలకలూరిపేటకు దగ్గర్లో, పెద్ద రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉంటుంది మా ఊరు. పెద్దనాన్న వాళ్ళకు పిల్లలు లేరు. రెండిళ్ళకూ ఒకటే వాకిలి కావడంతో, నన్ను కన్నది మా అమ్మే అయినా, తినడం, పడుకోవడం, అలగడం అన్నీ పెద్దమ్మ దగ్గరే. ఆమె చెయ్యి మంచిదని ఊరంతా చెప్పుకునేవాళ్ళు. మిరప నారు పోసే రోజున మొదటి గుప్పెడు గింజలు ఆమె చేత చల్లించుకుంటే ఒక్క గింజ కూడా పొల్లు పోదని నమ్మకం. తెల్లారకముందే వచ్చి గుమ్మం ముందు నిలబడేవాళ్ళు. ఆమె కూడా తక్కువదేం కాదు, కాస్త బతిమాలించుకుని గానీ కదిలేది కాదు.

అలాంటి మనిషికి రొమ్ములో గడ్డ వచ్చింది. గుంటూరులో ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత కరెంటు పెట్టించాలన్నారు. రేడియేషన్‌ను మా వైపు అందరూ అలాగే అనేవాళ్ళు. శని, ఆదివారాలు తప్ప రోజూ వెళ్ళి రావాలి. పెద్దనాన్న దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న తెల్ల కారు ఒకటుండేది. అందులోనే తీసుకెళ్ళి తీసుకొచ్చేవాడు.

ఆపరేషన్ అయిన కొత్తలో వెనక వీధిలో ఒకావిడ తమ చేలో మిరపకాయ కోత మొదలుపెట్టడానికి పెద్దమ్మను కాకుండా ఇంకొకరిని పిలిచింది. జబ్బు మనిషిని ఎండలో నిలబెట్టడం ఎందుకని అలా చేసిందో ఏమో, ఆ తల్లి మనసులో ఏముందో నాకు తెలీదు. పెద్దమ్మ మాత్రం ఆ మాట విని గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ రోజు నుంచి దేవుడి గూడు ముట్టుకోలేదు. దీపం నన్ను పెట్టమనేది. నేనేమన్నా అడిగితే, "నా చెయ్యి ఇప్పుడు మంచిది కాదులేవే" అనేది.

దానికి తోడు ఆ కారు బ్రేకులు. ముందు చక్రాల ప్యాడ్లు అరిగిపోయి, బ్రేకు తొక్కితే చాలు, ఇనుముకు ఇనుము రాసుకుని గరగరమనేది. బండి ఒక పక్కకు లాగి కుదుపుతో ఆగేది. కరెంటు పెట్టిన చోట చర్మం కమిలిపోయి, చంక కింద కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి. కుదుపు వచ్చినప్పుడల్లా ఆమె పళ్ళ బిగువున ఓర్చుకునేది. ఒక శుక్రవారం ఇంటికొచ్చి కారు దిగీదిగగానే చెప్పేసింది, "ఏవయ్యా, ఇంక నేను రాను. చస్తే ఇంట్లోనే చస్తా." సగంలో మానేస్తే ఇంతవరకు పెట్టింది కూడా దండగేనని డాక్టరు ముందే హెచ్చరించి ఉన్నాడు. పెద్దనాన్న బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి ఏడ్చినంత పని చేశాడు. బ్రేకులు బాగుచేసి మెత్తగా తీసుకెళ్తానంటే, "సరే, సోమవారం ఒక్కరోజు చూస్తా. మళ్ళీ అలాగే కుదిపిందో, ఇక నన్ను అడగొద్దు" అంది.

మెకానిక్కుకు ఇస్తే బండి ఎప్పుడు తిరిగొస్తుందో చెప్పలేం. ఆయిల్ ఇంజన్ల నుంచి బోరు మోటార్ల దాకా పెద్దనాన్న అన్నీ తానే విప్పి బిగించుకునేవాడు. శనివారం పేట వెళ్ళి కొత్త ప్యాడ్లు తెచ్చి, అరుగు మీద పెట్టి, తెల్లారాక చూద్దామని పడుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే వేప చెట్టు నీడలో కారు పెట్టి పని మొదలుపెట్టాడు. వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, బోల్టులు వదులు చేసుకున్నాక జాకీ ఎత్తి చక్రం ఊడదీశాడు. ప్యాడ్లను పట్టి ఉంచే ఇనుప దిమ్మను విప్పి, దాని రబ్బరు గొట్టం మీద బరువు పడకుండా తాడుతో పైకి కట్టాడు. పాత ప్యాడ్లు చూస్తే రేకు తప్ప ఏమీ మిగల్లేదు. కొత్తవి తెమ్మని నన్ను కేకేశాడు. అరుగు మీద చూస్తే అవి లేవు.

లోపలికి వెళ్తే దేవుడి గూట్లో దీపం వెలుగుతోంది. ఆ రోజు నేను పెట్టిన దీపం కాదది. కింద పీట మీద ప్యాడ్లు నాలుగూ వరసగా ఉన్నాయి, పక్కన పెద్దమ్మ గోడ పట్టుకుని నిలబడి ఉంది. తలకు పోసుకున్నట్టుంది, జుట్టు తడిగా ఉంది. ఇనుముకు నీళ్ళ పసుపు అంటదని నువ్వుల నూనెతో కలిపి, పెళ్ళికూతురి కాళ్ళకు రాసినట్టు ప్యాడ్ల నిండా పట్టించి, మధ్యలో ఇంతింత కుంకుమ బొట్లు పెట్టింది. అన్నాళ్ళ తర్వాత ఆమె చేత్తో చేసిన మొదటి పూజ అది. "తీసుకెళ్ళు. మీ పెద్దనాన్నను కళ్ళకద్దుకుని బిగించమను" అంది. ఆ ముఖం చూసి నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఎగురుకుంటూ పట్టుకెళ్ళి ఇచ్చాను.

పెద్దనాన్న ప్యాడ్ చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో రాసి చూశాడు, వాసన చూశాడు. ఆయన ముఖంలో రక్తం లేదు. చక్రంతో పాటు తిరిగే డిస్కును ఒరుసుకుని బండిని ఆపాల్సిన వైపే నూనె తాగి నల్లబడింది. పెట్రోలుతో కడిగితే పోదా పెద్దనాన్నా అని గొణిగాను. ఆయనా అంతే మెల్లగా, "పైన ఉన్నది పోతుందమ్మా, లోపలికి పీల్చుకున్నది పోదు. వేడెక్కిందంటే ఊరుతుంది. లారీ వెనకాల జారితే ఏముంది ఇంక" అన్నాడు.

తల ఎత్తి చూస్తే గుమ్మంలో పెద్దమ్మ నిలబడి ఉంది. ద్వారబంధానికి ఆనుకుని, పరీక్ష రాసొచ్చిన పిల్లలా ఆయన ముఖంలోకే చూస్తోంది. పెద్దనాన్నకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నాగలి కర్రు వంకర పోతే ఊరంతా వినపడేలా తిట్టే మనిషి. "నీ మొహం, నూనె రాస్తారుటే వీటికి!" అని ఒక్క మాట అని ఉంటే చాలు, ఆమె ఆ గుమ్మంలోనే కూలిపోయేది, గుంటూరు ప్రయాణం ఇక ఉండేది కాదు.

ఆయన నాలుగు ప్యాడ్లనూ ఒక్కొక్కటే కళ్ళకద్దుకున్నాడు. "ఏమే, బొట్టు బాగా పెట్టావు. ఇక్కడొక బోల్టు మరలు పోయాయి, పేట వెళ్ళి తెస్తా, నువ్వు లోపల పడుకో" అన్నాడు. ప్యాడ్లు తువ్వాల్లో చుట్టుకుని మోపెడ్ తీశాడు. నేను అడక్కుండానే వెనకెక్కి కూర్చున్నాను.

ఆదివారం కదా, స్పేరు పార్టుల కొట్టు మూసి ఉంది. వెనకే వాళ్ళ ఇల్లు. కొట్టాయన నోట్లో వేపపుల్లతో బయటికొచ్చి, నిన్న తీసుకెళ్ళిన రకమే మళ్ళీ కావాలంటే ఆశ్చర్యపోయాడు. "అవేం చేశావు బావా, కూర వండుకున్నావా?" అన్నాడు. పెద్దనాన్న నవ్వలేదు. "ఇంకో సెట్టు కావాలి. అంతే" అన్నాడు. ఆ గొంతు విని ఆయన కూడా మారు మాట్లాడకుండా తాళాలు తెచ్చాడు.

తిరిగొచ్చేటప్పుడు ఊరి పొలిమేరలో చేతి బోరు దగ్గర మోపెడ్ ఆపాడు. పెద్దమ్మ బొట్టు పెట్టిన సెట్టూ కొత్త సెట్టూ గట్టు మీద పక్కపక్కన పరిచాడు. బొట్టు లేని ప్యాడ్లు చూస్తే పెద్దమ్మ కనిపెట్టేస్తుందని నాకూ అప్పుడే తట్టింది. కొట్లో కుంకుమ కొనుక్కొద్దామా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. పెద్దమ్మ పెట్టిన బొట్టులోంచే వేలితో కాస్త తీసి, కొత్త ప్యాడ్ వెనక వైపు ఇనుప రేకు మీద పెట్టాడు. ఆ వైపు డిస్కుకు తగలదు, అక్కడ ఏమున్నా బ్రేకుకు నష్టం లేదు. నాలుగింటికీ అలాగే ఆమె పసుపూ ఆమె కుంకుమే. తర్వాత బోరు నీళ్ళతో, మట్టితో, వెంట తెచ్చిన సబ్బుతో చేతులు ఎంతసేపు తోమాడో. తోముతూ తోముతూ ఏడ్చాడు. మగవాళ్ళు అలా ఏడవడం నేను అంతవరకు చూడలేదు. ఏం చెయ్యాలో తెలీక బోరు కొడుతూనే ఉన్నాను.

ఇంటికొచ్చాక మళ్ళీ కూర్చున్నాడు. అరిగిన పాత ప్యాడ్ అడ్డం పెట్టి, ప్యాడ్లను నొక్కే పిస్టన్‌ను మెల్లగా వెనక్కి నెట్టి, కొత్తవి బిగించాడు. రెండో చక్రం కూడా అలాగే అయింది. ఆ తర్వాత సీట్లో కూర్చుని బ్రేకు పెడల్ తొక్కాడు. మొదట అది నేల దాకా దిగిపోయింది. గట్టిపడిందాకా మళ్ళీ మళ్ళీ తొక్కాడు. ఇంతలో పెద్దమ్మ చెప్పులేసుకుని వచ్చింది, తననూ ఒకసారి తిప్పమని. ఎన్నాళ్ళకో ఒక కోరిక కోరింది. అయినా ఆయన ఎక్కించుకోలేదు. "కొత్తవి కాస్త ఒరుసుకుని కుదురుకోవాలి. ముందు నేనొక్కణ్ణే వెళ్ళొస్తా" అని ఖాళీ బండి తీసుకుని డొంక రోడ్డు మీద పోతూ ఆపుతూ, పోతూ ఆపుతూ తిరిగాడు. ఆమె మూతి ముడుచుకుంది. ముడుచుకోనిచ్చాడు. బొట్టు విషయంలో ఆమె మనసు అంతగా చూసిన మనిషి, బ్రేకు దగ్గర మాత్రం ఎవరి మనసూ చూడలేదు.

సోమవారం నేనూ వాళ్ళతో వెళ్ళాను. మా ముందు పత్తి బేళ్ళ లారీ ఒకటి పోతూ పోతూ ఉన్నట్టుండి ఆగింది. పెద్దనాన్న బ్రేకు తొక్కాడు. పెద్దమ్మ అలవాటుగా కళ్ళు మూసుకుని పళ్ళు బిగించింది. గరగర లేదు, కుదుపు లేదు, కారు మెత్తగా ఆగింది. ఆమె ఒక కన్ను తెరిచింది, తర్వాత రెండోది. తన కుడి చెయ్యి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "చూశావా, నా చెయ్యి ఇంకా పనిచేస్తోందయ్యా" అంది. "నీ చేతికేమే!" అన్నాడాయన. వెనక సీట్లో నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

కరెంటు పూర్తిగా పెట్టించుకుంది. నారు పోసే రోజులు వచ్చేసరికి, పిలవకపోయినా సరే, వెనక వీధి ఆవిడ మడి దగ్గరికి తానే నడుచుకుంటూ వెళ్ళి గింజలు చల్లి వచ్చింది. ఆ నారు మొలిచింది, పెద్దమ్మ చూసింది. పత్తి తీతలప్పుడు జబ్బు ఎముకల్లోకి తిరగబెట్టింది. ఆ ఏటి మిరపకాయ ఎర్రబడకముందే పోయింది. దేవుడనేవాడు ఎక్కడైనా ఎదురుపడితే ఆ ఒక్కటీ అడగాలని నాకు ఇప్పటికీ ఉంది.

పెద్దకర్మ అయి చుట్టాలంతా వెళ్ళిపోయాక, పెద్దనాన్న నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "ఇన్నేళ్ళ కాపురంలో మీ పెద్దమ్మ దగ్గర దాచింది ఆ ప్యాడ్ల సంగతి ఒక్కటేనే" అన్నాడు. ఆ రోజు చెప్పకపోవడమే మంచిదయిందని నేనన్నాను. "ఆ రోజు సరే. నారు పోసి వచ్చిన రోజు చెప్పాల్సింది. నూనె రాశానా నేను అని పగలబడి నవ్వేది. పదిమందికీ చెప్పుకుని నవ్వేది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఆ నవ్వు పోగొట్టుకున్నా" అన్నాడు. నేను ఆయన భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాను. అంతకన్నా చెయ్యగలిగింది నాకేమీ తోచలేదు.

ఆయన కూడా పోయి చాలా ఏళ్ళయింది. నా వాళ్ళెవరైనా ప్రేమగా చేసిన పని ఎక్కడైనా తేడా కొడితే, నోరు తెరవకముందు ఆ బోరు గట్టు నా కళ్ళ ముందుకొస్తుంది. ప్రమాదం ఉన్నంత మేరకు చప్పుడు చెయ్యకుండా సరిచేస్తాను, మిగతాది వాళ్ళకే వదిలేస్తాను. కానీ పెద్దనాన్నలా చివరిదాకా దాచను. వాళ్ళ మనసు కుదుటపడగానే పిలిచి కూర్చోబెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను. కాసేపు సిగ్గుపడతారు, నన్ను నాలుగు మాటలంటారు, ఆ తర్వాత నవ్వుతారు. వాళ్ళు నవ్వుతుంటే నాకు మాత్రం పెద్దమ్మ నవ్వని ఆ నవ్వే గుర్తొస్తుంది, ఏడుపొస్తుంది.