అన్ని ఇండ్ల బియ్యం

మదనపల్లె నుంచి వచ్చిపోతూ పుంగనూరు సంఘాన్ని కొత్తగా చూసుకుంటున్న పాస్టరు జ్ఞానరత్నం అయ్యగారికి, ఆరాధన అయ్యాక అందరూ కలిసి తినే ప్రేమవిందులో మొదటిసారే ఒక పన్ను ఊడింది. సాంబారన్నం నములుతుండగా పటుక్కుమంది. ఆయన నమలడం ఆపి, చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, తెల్లగా చిన్నగా ఉన్న ఆ పంటిని అందులోకి దించుకుని, మడిచి జేబులో వేసుకున్నారు. ముగింపు ప్రార్థన దవడ ఒక పక్కనే కదిలిస్తూ చేశారు. అది పెద్ద ఊళ్ళ పద్ధతి కాబోలనుకుని ముందు వరసలో ఇద్దరు ముగ్గురు 'ఆమేన్' కూడా అట్లాగే అన్నారు. మరునాడు మదనపల్లెలో పంటి డాక్టరు పైవరసా కిందివరసా టార్చి వేసి చూసి, "మీవన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి సార్. ఇది మీది కాదు," అని రుమాలు తిరిగి ఇచ్చాడు. ఎవరిదై ఉంటుందో ఆయన చెప్పలేదు, ఈయన అడగలేదు.

ఆ అన్నం వండింది లేయమ్మ.

డెబ్బైల్లో పుంగనూరు లూథరన్ సంఘానికి బియ్యం కొనే అలవాటు లేదు. ప్రతి ఇంట్లోనూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి పక్కన ఒక డబ్బాలో వేసేది. అది దేవుని డబ్బా. నెలాఖరులో లేయమ్మ గోనెసంచి చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ డబ్బాలన్నీ సంచిలోకి ఒంపుకునేది. కొత్త నెలలో మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక అందరికీ ఆ బియ్యమే. పశువుల ఆసుపత్రి కాంపౌండరు, టీచరమ్మ, బీడీలు చుట్టే ఆమె, గేటు దగ్గర చేయి చాచే ముసలాయన, అందరికీ ఒకే వంట అండా, ఒకే పంక్తి.

ఆ బియ్యాన్ని ఒక తీరుగా ఉడికించడం మాత్రం మనిషి వల్ల అయ్యే పని కాదు. ఒకరింటివి పాత బియ్యం, ఎంత మంట వేసినా బిర్రుగా నిలబడతాయి. ఇంకొకరింటివి కొత్తవి, పొంగు రాకముందే ముద్దవుతాయి. ఉప్పుడు బియ్యం తినే ఇల్లు ఒకటి. సంగటి తప్ప అన్నం ఎరగని ఇండ్లు కొన్ని, వాళ్ళు సంగట్లోకి వేసే నూకల్లోనే ఒక పిడికెడు తీసేవాళ్ళు. అన్నీ ఒకే అండాలో పడేవి. "లేయమ్మ వండితే గంజీ, అన్నమూ, బియ్యమూ మూడూ ఒకే ఆకులో దొరుకుతాయప్పా," అని సంఘపెద్ద జకరప్ప ప్రతి నెలా అనేవాడు. ప్రతి నెలా అందరూ నవ్వేవాళ్ళు. నవ్వుతూనే మారు పెట్టించుకునేవాళ్ళు.

లేయమ్మది కుప్పం పక్క. మొగుడు రాళ్ళ క్వారీలో పోయాక ఒక ట్రంకుపెట్టెతో పుంగనూరులో అక్క ఇంటికి చేరింది. అక్క మంచిదే గానీ, అక్క మొగుడు అన్నం తినేటప్పుడు లేయమ్మ ఆకు వైపు చూసేవాడు. మొదటి ఆదివారం ప్రేమవిందుకు ఆమె గడప అవతల చెప్పులు విడిచే చోట కూర్చుంది. పంక్తిలోంచి ఒక ముసలామె కేకేసింది.

"మే, ఆడ యాల కూర్చుండావు? చెప్పులకు గూడా వడ్డిస్తారనుకుంటివా? ఇట్లా రా."

ఆమె పాపక్క. ఊరి చివర గుడిసెలో ఒంటరిగా ఉంటూ విస్తరాకులు కుట్టి బతికేది. ప్రేమవిందుకు ఆకులన్నీ ఆమె కుట్టినవే. పక్కకు జరిగి చోటిచ్చి, కొంగుముడి విప్పి, దాచుకున్న మామిడికాయ బద్దను రెండుగా తుంచి సగం లేయమ్మ ఆకులో వేసింది. మొగుడు పోయాక లేయమ్మ పక్కన ఒకరు కూర్చుని తినడం అదే మొదలు. ఆ అన్నం సగం ఉడకలేదని ఆమెకు తెలియలేదు. మరుసటి నెల నుంచి గరిటె ఆమె చేతికొచ్చింది, గుడి ఊడ్చే పని కూడా వచ్చింది. వడ్డన అయ్యాక ఆమె ఎప్పుడూ పాపక్క పక్కనే కూర్చునేది. ఆ చోటు తప్ప లోకంలో ఇంకేదీ తనదని ఆమె అనుకోలేదు.

ఇక పంటి సంగతి.

తరువాతి నెల అయ్యగారు ఆ రుమాలును జకరప్పకు చూపించారు. జకరప్ప కాంపౌండరు. గేదె నోట్లో చేయి పెట్టి వచ్చినా డెట్టాలుతో కడుక్కోకుండా మంచినీళ్ళు ముట్టడు. ఆయన పంటిని చూడలేదు, రుమాలును దూరం నుంచి చూసి ముఖం తిప్పుకున్నాడు. ఆరాధన అయ్యాక అందరినీ కూర్చోబెట్టి విషయం చెప్పాడు. ఎవరో పాపక్క వైపు చూశారు. తరువాత అందరూ చూశారు. ఆమె నోట్లో మిగిలినవి మూడే.

"పిడికెడు తీసేటప్పుడు ఊడి పడిందేమో, ముసలామెకు తెలిసుండదు," అని టీచరమ్మ మెత్తగానే అంది.

పాపక్క లేచి నిలబడింది. "నా పండ్లు పోయి శానా ఏండ్లాయ. ఉండేటివి మూడు. సూసుకోండి," అని నోరు తెరిచింది.

ఎవరూ చూడలేదు. అయ్యగారు కిటికీలోంచి బయటికి చూశారు. ఆమె కాసేపు అట్లాగే నోరు తెరుచుకుని నిలబడి, మూసుకుని, కూర్చుంది.

ఆ క్షణంలో లేయమ్మకు ఒక సంగతి గుర్తుకొచ్చింది. అయ్యగారి మొదటి విందుకు ముందటి నెలాఖరున జకరప్ప ఇంట్లో డబ్బా ఒంపుకుంటుంటే ఆయన మనవరాలు రూబీ వాకిట్లో నిలబడి నవ్వింది. ముందు పన్ను లేదు. ఊళ్ళో పిల్లలు ఊడిన పంటిని ఇంటికప్పు మీదికి విసురుతారు. అది అన్యుల ఆచారమని జకరప్ప తన ఇంట్లో కట్టడి చేసి ఉన్నాడు. "దేవుని డబ్బాలో ఏసేది దేవునికి పోతాది గదా అవ్వా? ఆయన కొత్తది ఇస్తాడు గదా?" అని పాప అడిగింది. బియ్యం సంగతే అడుగుతోందనుకుని లేయమ్మ, "ఇస్తాడు బంగారూ, ఎందుకీడు," అని చెప్పి వచ్చింది.

ఇప్పుడు ఆ మాట లేచి చెప్పాలి. జకరప్ప చేతికి బెల్టు ఎంత తొందరగా వస్తుందో వీధి అంతటికీ తెలుసు. గుడి ఊడ్చే పని ఇప్పించింది కూడా ఆయనే. రేపు ఒంటరిగా పాపక్కతో చెప్పుకుందాం అనుకుంది లేయమ్మ. రేపు చెప్పలేదు. మాట నాలుగు రోజులు నాలుక మీద ఉంటే తరువాత గొంతులోకి జారిపోతుంది, మళ్ళీ పైకి రాదు.

ఆ నెల కమిటీ ఒక తీర్మానం చేసింది. జకరప్ప దాన్ని చదివి వినిపించాడు. పిడికెడు బియ్యం ఇకనుంచి బీదల పరిచర్యకు. సంఘానికి ప్రేమవిందు కొన్న బియ్యంతో. అండాలు రెండు. ఇచ్చేవాళ్ళు గుళ్ళో, తీసుకునేవాళ్ళు ప్రహరీ పక్కన. తీసుకునేవాళ్ళ ఇండ్లలో పిడికెడు వసూలు చేయకూడదు, వాళ్ళను కష్టపెట్టడం ధర్మం కాదు. అయ్యగారు సంతోషించి ప్రార్థన చేశారు. 'ప్రేమ పరిచర్య' అని నీలిరంగు బోర్డు ఒకటి గేటుకు వేలాడింది.

ఎవరూ చెడ్డ ఉద్దేశంతో చేసింది కాదు. కొన్న బియ్యం మల్లెమొగ్గల్లా ఒక తీరుగా ఉడికింది. "ఇదీ అన్నమంటే," అన్నారు అందరూ. జకరప్ప పాత జోకు వేయడానికి నోరు తెరిచి, చోటు లేక మూసుకున్నాడు.

రెండో అండా సంగతి లేయమ్మ చేతికే తెలిసింది. నెలనెలా సంచి తేలికవుతూ వచ్చింది. బియ్యం రంగు మారింది. తాము తినని అన్నానికి ఏ ఇల్లాలూ మంచి బియ్యం తీయలేదు. కావాలని కాదు, చెయ్యి తనంతట తానే పురుగుపట్టిన డబ్బా వైపు పోయింది. టీచరమ్మ ఇంట్లో ఒకసారి డబ్బాలో బియ్యానికి బదులు చెరిగి తీసేసిన మెరికలు, పొట్టుగింజలు ఉన్నాయి. లేయమ్మ వాటిని చూసి, టీచరమ్మను చూసింది. "కోళ్ళకని తీసిపెట్టినాను, డబ్బా మారిపోయినట్టుండాది," అని టీచరమ్మ మెడ దాకా ఎర్రబడింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

ప్రహరీ పక్కకు పాపక్క రాలేదు. ఆ నెలా రాలేదు, పై నెలా రాలేదు. గుడికి కూడా రావడం మానేసింది. లేయమ్మ గిన్నెలో అన్నం పెట్టుకుని గుడిసెకు పోయింది.

"ఏ అండాలోది?" అంది పాపక్క, ఆకు కుడుతూ, తల ఎత్తకుండా.

"ఏదైతే ఏమి పాపక్కా, అన్నమే గదా."

"అయితే నువ్వే తిను. నేను పిడికెడు ఏసి తిన్యాను గానీ, సెయ్యి సాపి తినలేదు." గిన్నె వెనక్కి జరిపింది. "నా డబ్బా ఒంపుకోని పో. నెల నిండింది."

"వద్దన్నారు పాపక్కా. నీ దగ్గర తీసుకోగూడదంట."

పాపక్క చేతిలో ఈనెపుల్ల ఆగింది. "ఓహో. నా బియ్యంలో పండ్లుంటాయని," అంది.

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. లేయమ్మ గిన్నె తీసుకుని వచ్చేసింది.

ఎనభైలు వచ్చాక వానలు మొహం చాటేశాయి. వేరుశనక్కాయలు భూమిలోనే మాడిపోయాయి. అడవికి పోయినా ఆకు లేదు, కాబట్టి పాపక్కకు కుట్టడానికీ లేదు. కొందరు కూలికని కోలారు పక్కకు, ఇంకొందరు బెంగుళూరికి పోయారు. ప్రహరీ పక్కన మనుషులు పెరిగారు, సంచిలో బియ్యం తగ్గాయి. లేయమ్మ నీళ్ళు ఎక్కువ పోసి గంజి చేసింది. కొన్న బియ్యం అండా మాత్రం నెలనెలా నిండుగానే ఉడికింది. ఆ తిండి ఇప్పుడు లేయమ్మకు కూడా లోపలే, ఊడ్చే మనిషిగా. పక్కన ఎవరూ కూర్చోని చోటు చూసుకుని గబగబా తినేది.

పాపక్కకు జ్వరమని బీడీలామె చెప్పింది. లేయమ్మ పరుగున పోయింది. గుడిసెలో పొయ్యి చల్లగా ఉంది. పొయ్యి పక్కన దేవుని డబ్బా, మూత ఎగదన్నేంత నిండుగా ఉంది. దాని పక్కన ఒక పెద్ద కుండ, అదీ సగానికి పైగా నూకలతో. మూత తీస్తే తవుడు పురుగులు గోడెక్కాయి.

"ఇదేంది పాపక్కా. ఇంత పెట్టుకోని పస్తుండావా?"

"అవి నావి కాదు. దేవునివి." ఆమె గొంతు ఎండిన ఆకులా గరగరమంది. "రోజూ తీసిపెట్టినాను. నువ్వే రాలేదు."

లేయమ్మ చెరిగి, కడిగి, కాస్త గంజి కాచి తెచ్చింది. పాపక్క నోరు తెరవలేదు. అప్పుడు లేయమ్మ నేల మీద కూర్చుని చెప్పేసింది. రూబీ, డబ్బా, ఇంటికప్పు, అన్నీ.

పాపక్క పైకప్పు వైపు చూసింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఆ పొద్దే. నువ్వు నోరు తెరిచినప్పుడే."

"అంతమందిలో నోరు తెరుచుకోని నిలబడితిని గదే," అంది పాపక్క. "ఒక మాట చెప్పింటే నీ నోట్లో పండ్లు రాలిపోయుండునా?"

ఆ తరువాత ఆమె గోడ వైపు తిరిగింది. లేయమ్మ తెల్లవారేదాకా అక్కడే కూర్చుంది. మరో రెండు రోజులకు పాపక్క ప్రాణం పోయింది. గంజి మీద తెట్టు కట్టి అట్లాగే ఉంది.

పాపక్క పేరిట పెట్టిన ఆదరణ కూడికకు మదనపల్లె నుంచి అయ్యగారు వచ్చారు. మన సంఘం పరిచర్య వల్ల ఎందరో బీదలు ఆదరణ పొందుతున్నారని, ఈ సహోదరి వారిలో ఒకరని ప్రసంగంలో చెప్పారు. వెనక నిలబడిన లేయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు ఆపుకుంటోందనుకుని టీచరమ్మ వీపు నిమిరింది.

ఆ పొద్దు లేయమ్మ ఒకే పొయ్యి వెలిగించింది. కొన్న బియ్యం, సంచిలో బియ్యం, పాపక్క కుండలో నూకలు, డబ్బాలో నూకలు, అన్నీ కడిగి పెద్ద అండాలో పోసింది. పురుగులు ఏరడానికే చాలా పొద్దు పట్టింది. వడ్డించే ముందు ప్రహరీ దగ్గరికి పోయి, "లోపలికి రాండి, ఈపొద్దు అందరికీ ఆడనే," అని పిలిచింది. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గేటు ముసలాయన నీలిరంగు బోర్డు వైపు చూసి, "ఈడనే బాగుండాదిలేమ్మా, మాకు అలవాటయిపోయింది," అన్నాడు. వాళ్ళ ఆకులు అక్కడే పడ్డాయి. లోపల పంక్తిలో చివర ఒక ఆకు వేసి లేయమ్మ అన్నం పెట్టింది. దాని ముందు ఎవరూ కూర్చోలేదు.

జకరప్ప మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. నాలుకతో అటూ ఇటూ వెతికాడు. ఆయన పక్కనే లంగా ఓణీలో రూబీ, ముందు పన్ను ఎప్పుడో వచ్చేసింది, తల వంచుకుని తింటోంది.

"ఏమ్మా లేయమ్మా," అన్నాడు జకరప్ప, "ఒక మెతుకు గంజి, ఒక మెతుకు రాయి. కొన్న బియ్యం పోసుకోని గూడా ఇదేం వంట?"

"అన్ని ఇండ్ల బియ్యమప్పా, పాపక్కవీ ఉండాయి, అన్నీ ఒక్కసారిగా యాడ ఉడుకుతాయి."