మామయ్య తెల్ల మూత

మా మామయ్య నీళ్లలో దిగి ఫొటోలు తీస్తాడు. చేపలవి కావు, పడవల జెట్టీని మోసే ఇనుప స్తంభాలవి. ఏటా వాటి అడుగుదాకా దిగి, ఎక్కడ తుప్పు పట్టిందో ఫొటో తీసి రేవు ఆఫీసులో ఇవ్వాలి. ఇరవై రెండేళ్లుగా ఆయన చూసిన అందాలన్నీ తుప్పువే.

లోతుకు వెళ్లేకొద్దీ నీరు అన్నిటికన్నా ముందు ఎరుపును మింగేస్తుంది. తుప్పు కూడా నీలంగా కనిపిస్తుంది. ఫ్లాష్ వేద్దామంటే నీళ్లలోని మట్టి రేణువులు మెరిసి, ఫొటో నిండా పిండి చల్లినట్టు వస్తుంది. అందుకని మామయ్య ఒక తెల్ల ప్లాస్టిక్ డబ్బా మూతను నడుముకు కట్టుకుని దిగేవాడు. రెండు మీటర్లకోసారి ఆగి, దాన్ని కెమెరా ముందు పట్టి, ఇదీ తెలుపంటే అని కెమెరాకు నచ్చజెప్పేవాడు. దీన్నే వైట్ బ్యాలెన్స్ అంటారు. కెమెరా ఒప్పుకున్నాక మిగతా రంగులు కూడా దారికొచ్చేవి.

ఇంట్లోనూ తెలుపంటే ఆ మూతే. ఈమధ్యే హాలుకు రంగు వేయించినప్పుడు దాన్నే దుకాణానికి పట్టుకెళ్లి, అచ్చం అలాగే కలపమన్నాడు.

ఈ ఏడాది మూడో స్తంభం మొదలు దగ్గర కత్తితో గీకితే పెచ్చులూడి, కత్తి లోపలికి దిగిపోయింది. అత్తయ్య రోజూ ఎనిమిదింటి పడవ కోసం నిలబడేది సరిగ్గా దాని మీదే. మామయ్య ఫొటోలు తీసుకుని ఆఫీసుకు వెళ్లాడు.

"తుప్పేదయ్యా? ఉడికిన వంకాయలా ఉంది," అన్నాడు ఇంజినీరు.

"తుప్పేనండి. కత్తి దిగిపోయింది."

"నాచు పట్టిందని జెట్టీ మూసేస్తే పైవాళ్లకి ఏం చెప్పను? ఎర్రగా కనబడేది పట్రా, చూద్దాం."

ఇంటికొచ్చేసరికి అత్తయ్య షోకేసులోని ఆరు తెల్ల పింగాణీ పళ్లేలు తుడుస్తోంది.

"రేపట్నుంచి పడవెక్కకు. స్తంభం పోయింది," అన్నాడు మామయ్య.

అత్తయ్య ఫొటోలు చూసింది. "ఇందులో ఏం పోలేదే."

"నువ్వూ ఆయన పక్షమేనా?" అంటూ మామయ్య మూతను బల్ల మీద పడేశాడు.

"ఏమండీ, ఈ మూత ఇలా పచ్చబడిందేంటి?"

"తెల్లగానే ఉందిగా," అని దాన్ని గోడకు ఆనించి చూపించాడు. రెండూ ఒకే రంగు. అత్తయ్య పక్కనే పళ్లెం పెట్టింది. మామయ్య మూతను చూశాడు, పళ్లాన్ని చూశాడు, తర్వాత నాలుగు గోడలూ చూశాడు.

"ఆ పళ్లెం ఓసారి ఇస్తావా?"

"చుట్టాలకే పెట్టలేదు ఇందులో. చేపలకు పెడతారా?"

ఇచ్చింది. తువ్వాల్లో చుట్టి మరీ ఇచ్చింది. "పగిలితే మాత్రం మీరు పైకి రానక్కర్లేదు."

మర్నాడు పొద్దున్నే మామయ్య తిరిగి దిగాడు. పళ్లెం చూపించేసరికి స్తంభం కాలిన ఇటుకలా ఎర్రబడింది. ఇంజినీరు ఆ ఫొటోను చాలాసేపు చూశాడు.

"పోయినేడు కూడా ఇలాగే ఉందా?"

"పోయినేడు మూత కాస్త తెల్లగా ఉండేదండి."

ఆ మధ్యాహ్నమే జెట్టీ మూసేశారు. ఇప్పుడు అత్తయ్య ఆరున్నరకే బయల్దేరి, రెండు బస్సులు మారి పనికి వెళ్తోంది. షోకేసులో ఐదు పళ్లేలే ఉన్నాయి. ఆరోది పగల్లేదు, మామయ్య సంచిలో ఉంది.

"ఫొటోలు మరీ అంత బాగా తీయాలా?" అని అడుగుతుంది అత్తయ్య, చెప్పులేసుకుంటూ.

మామయ్య ఆమెకు గొడుగందిస్తాడు.