పొదలో గుర్రు

పోయిన చలికాలంలో మా వదినతో కలిసి బాన్సువాడ దగ్గర ఒక గుట్ట ఎక్కాను. దారిలో కనిపించిన చిప్స్ కవర్లన్నీ ఏరి సంచిలో వేసుకుంటూ నడుస్తున్నాం. ఒక పొద అంచున ఉన్న కవర్ తీయబోతే లోపలి నుంచి గుర్రుమని వినిపించింది. "వదినా, చిరుత!" అని అరిచి కిందికి పరుగు తీశాను. వదిన నా వెనకే పరుగెత్తింది. నా కేకకు అదిరిపడి ఆ పొదలోంచి లేచిన మేకలు కాసే ఒక తాత కూడా గొంగడి పట్టుకుని మా వెంట ఉరికాడు.

కిందికొచ్చాక, "చిరుతను యాడ జూసినవ్ బిడ్డా?" అన్నాడు రొప్పుతూ.

"చూడలే తాతా, గా పొదల గుర్రుమన్నది."

"గా పొదల పండింది నేనే గద!" అని తాత పడీపడీ నవ్వాడు. "నా గుర్రుకు మా ముసల్ది గూడ ఎన్నడు గిట్ల ఉరకలే!"

గుట్టెక్కితే ఇప్పటికీ చెత్త ఏరుతాను. కాకపోతే పొదలో చెయ్యి పెట్టేముందు, "లోపల ఎవరన్న పండిండ్రా?" అని అడుగుతాను.