గ్లెన్ ఊరికే పరిగెత్తలేదు

నిన్న పొద్దున మా కోడలు ఫోన్ చేసి, "అత్తయ్యా, గ్లెన్ పోయాడంట. హార్ట్ ఎటాక్" అంది.

ఏ గ్లెన్ అని అడిగాను.
తెలియక కాదు. ఇంకో గ్లెన్ ఎవరైనా అయితే బాగుండునని.

ఈ పరాయి దేశంలో, పెండిల్ హిల్‌లో మా పక్కింటి గ్లెన్.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు టైప్ చేస్తోంది. చెప్పకుండా ఉండలేను గనక చెబుతున్నాను.

నిన్న ఫ్యామిలీ గ్రూప్‌లో మా అబ్బాయి రవి పెట్టాడట: "నైస్ బ్లోక్. మంచోడు. పాపం, బేస్‌బాల్‌లో ఏమీ సాధించలేకపోయాడు."

ఏమీ సాధించలేదా?
విను రవీ. మిగతావాళ్లూ వినండి.

మేము ఆ ఇంట్లో దిగిన ఏడు అందరి నోటా వైటూకే, రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని. రవి ఒక బ్యాంకులో కాంట్రాక్ట్ మీద కంప్యూటర్లలో తేదీలు సరిచేసేవాడు. గ్లెన్ ఫర్నిచర్ ట్రక్కు నడిపేవాడు. సీజన్ రాగానే బ్యాగు భుజాన వేసుకుని ఆడటానికి వెళ్లిపోయేవాడు. అమెరికాలో చిన్న చిన్న టీమ్‌లు. ఒకసారి తైవాన్. ఒకసారి ఇటలీ. ఒకరు వద్దంటే ఇంకొకరి దగ్గరికి.

ఒక శనివారం మమ్మల్ని ఇక్కడి మ్యాచ్‌కి తీసుకెళ్లాడు.

అతను అవుట్‌ఫీల్డర్. గ్రౌండ్ చివర, అందరికంటే దూరంగా నిలబడతాడు. బ్యాట్ చప్పుడు వినబడిందో లేదో, బంతికి వీపు తిప్పి పరుగందుకున్నాడు.

నేను లేచి అరిచాను. "ఒరేయ్ రవీ, మనవాడు బంతికి భయపడి పారిపోతున్నాడేంట్రా!"

"అమ్మా, కూర్చో. అందరూ చూస్తున్నారు."

బంతి ఆకాశంలో ఉంది. గ్లెన్ తలెత్తి చూడలేదు. కంచె దగ్గర ఒక్కసారి మెడ తిప్పి చెయ్యి చాపాడు. అది వచ్చి అందులో కూర్చుంది.

నాకు ఒళ్లు జలదరించింది. ఇప్పుడు చెబుతున్నా జలదరిస్తోంది.

ఇంకోటి చూశాను. లోపలి కుర్రాళ్లు ఒకరికొకరు బంతి విసురుకున్న ప్రతిసారీ, గ్లెన్ అంత దూరం నుంచి పరిగెత్తుకొచ్చి వాళ్ల వెనక నిలబడేవాడు. బంతి అతని దాకా రానే రాలేదు. మళ్లీ వెనక్కి. మళ్లీ పరుగు.

తర్వాత మా పెరట్లో మాంసం కాల్చే బార్బీ పొయ్యి దగ్గర రవి నవ్వాడు. "ఎందుకు మేట్ ఆ దండగ పరుగు?"

"ఎవడో ఒకడు బంతి మిస్ అవుతాడు కదా మేట్" అన్నాడు గ్లెన్.

అమెరికాలో పెద్ద టీమ్ అతన్ని ఒకే ఒక్కసారి పిలిచిందని ఆ రోజే చెప్పాడు. ఎవరికో దెబ్బ తగిలితే ఆట చివర్లో దింపారట. బ్యాటింగ్ రాలేదు. ఒక్క బంతీ అతని వైపు రాలేదు. మర్నాడే వెనక్కి పంపేశారు.

రవి "అయ్యో, బ్యాడ్ లక్" అన్నాడు.

ఆ కాసేపూ ఏం చేశాడో అడగమని రవితో అన్నాను.

గ్లెన్ నా వైపు చూసి నవ్వాడు. "రన్నింగ్, ఆంటీ. ప్రతి త్రో వెనకా."

అంత పెద్ద గ్రౌండ్‌లో, తన పేరు కూడా ఎవరికీ తెలియని చోట!

రవీ, ఆ జనవరి గుర్తుందా? ఒక్క కంప్యూటరూ ఆగలేదు. అంతా ఉత్త హడావుడేనని టీవీలో నవ్వారు. నీ కాంట్రాక్ట్ ముగిసింది. పెరట్లో అన్నం ముందు తల దించుకుని కూర్చున్నావు. గ్లెన్ కంచె మీద నుంచి అడిగాడు, కంప్యూటర్లలో ఏం పాడైందని.

"నథింగ్" అన్నావు నువ్వు ఏడుపు గొంతుతో.

"నథింగ్? గుడ్ ఆన్ యా, మేట్!" అని కంచె దూకి వచ్చి నిన్ను ఎత్తి తిప్పాడు. కప్పు గెలిచినట్టు. ఆ వీధిలో నిన్ను మెచ్చుకున్నవాడు అతనొక్కడే.

నీ పనికి విలువ కట్టినవాడి పనికి నువ్వు కట్టిన విలువ ఇదా?

ఆ మెసేజ్ తీసెయ్. గొప్ప ఆటగాడు పోయాడని రాయి.

గ్లెన్ నాయనా, నీ ఆట కళ్లారా చూశాను.
ఇక ఎవరి వెనకా పరిగెత్తనక్కర్లేదు. చల్లగా కూర్చో.