రాజేంద్ర నగర్ కాదు, రాజిందర్ నగర్: రెండు నావిగేషన్‌లతో ఒక ఆదివారం

కారు బుక్ చేయడానికి షోరూం వాళ్ళు సోమవారం దాకా గడువిచ్చారు. రంగు తేలింది, లోను తేలింది, తేలనిది ఒక్కటే. నావిగేషన్ కారులోనే బిగించి వచ్చే పై మోడల్ తీసుకోవాలా, కింది మోడల్ తీసుకుని అద్దానికి అంటించుకునే విడి పరికరం పెట్టుకోవాలా? రెండు మోడళ్ళకూ తేడా లక్షా పాతిక వేలు. మా ఆయన శ్యామ్ ఓటు బిగించినదానికే. ఫోన్ ఉండగా ఈ రభస ఎందుకని మీరు అడుగుతారు, మా చెల్లెలు కూడా అడిగింది. నేను నర్సుని. నా ఫోన్ నాది కాదు, వార్డుది. మా పాత కారులో ఫ్లైఓవర్ రెండుగా చీలే చోటికి రాగానే సరిగ్గా డ్యూటీ సిస్టర్ ఫోన్ చేస్తుంది, తెర మీద మ్యాప్ పోయి ఆమె పేరు వస్తుంది, నేను నోయిడాలో తేలతాను. ఇలా మూడుసార్లయ్యాక దారి చూపే పని ఫోన్ చేతిలోంచి తీసేయాలని ఒట్టు పెట్టుకున్నాను. లైసెన్సు వచ్చి ఎనిమిది నెలలే. ఢిల్లీ శివార్లలో, ఇందిరాపురంలో మా ఇంటి నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి చర్చికి తప్ప ఇంకో దారి తెలియని డ్రైవర్ని.

ఆ ఆదివారమే మా అక్క కూతురు స్నేహకి సివిల్స్ ప్రిలిమ్స్. బాపట్ల పిల్ల. రెండేళ్ళుగా ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో మంచం, బల్ల పడితే తలుపు పూర్తిగా తెరుచుకోని గదిలో ఉండి చదువుతోంది. పరీక్ష సెంటర్ ఢిల్లీకి ఆ చివర, ద్వారకాలో ఒక స్కూల్లో పడింది. తొమ్మిదింటికి గేటు మూస్తారు, ఆ తరువాత ఎవరు బతిమాలినా తీయరు. పరీక్షకు నాలుగు రోజుల ముందు లైబ్రరీ మెట్ల మీద ఈవిడగారి మడమ మెలిక పడింది. మెట్రో మెట్లు ఎక్కలేదు, తెల్లవారుజామున క్యాబ్‌ని నమ్మలేదు. "నేను తీసుకెళ్తా" అని అక్కకు మాటిచ్చేశాను. శ్యామ్ బెంగళూరు టూర్‌లో ఉన్నాడు. మేం కొనాలనుకుంటున్న కారే, పై మోడల్, ఆయన ఆఫీసు స్నేహితుడి దగ్గరుంది. అతను ఊరెళ్తూ తాళాలు మా ఇంట్లో ఇచ్చి వెళ్ళాడు. పిల్లను దింపినట్టూ ఉంటుంది, బిగించిన నావిగేషన్ సంగతి తేలినట్టూ ఉంటుంది అనుకున్నాను.

విడి పరికరం మా తెలుగు చర్చి పెద్ద శామ్యూల్ అంకుల్ ఇచ్చారు. ఏళ్ళ తరబడి ఆరాధన అయ్యాక జనాన్ని తన వ్యాన్‌లో ఇళ్ళకు దింపిన మనిషి. కంటికి శుక్లాలు రావడంతో పిల్లలు వ్యాన్ అమ్మేశారు. మిగిలింది ఆ పెట్టె ఒకటి. శనివారం సాయంత్రం మయూర్ విహార్‌లో వాళ్ళింటికి వెళ్ళి వందనాలు చెప్పి కూర్చున్నాను. వైరు చుట్టి గుడ్డ సంచిలో పెట్టి చేతికిచ్చారు. "ఊరి పేర్లు కొట్టకమ్మాయ్, మనుషుల పేర్లు కొట్టు" అన్నారు. స్నేహ కూడా అందులో ఉందట, క్రిస్మస్ క్యారల్స్ రోజు దింపారట. వయసు మీద పడింది, ఏదో చెబుతున్నారులే అని తలూపి, సంచిని ఆ స్నేహితుడి కారు వెనక సీట్లో పడేశాను. నా పొగరుకు మరునాడే వాత పడింది.

ఆదివారం ఆరూ పదికి బయలుదేరాను. బిగించిన నావిగేషన్ తెర నిజంగానే ముచ్చటగా ఉంటుంది, పలకంత వెడల్పు. స్టీరింగ్ మీద బటన్ నొక్కి నోటితో చెబితే చాలు. "ఓల్డ్" అన్న మాట మింగేసి, గొంతు సవరించుకుని "రాజేంద్ర నగర్" అన్నాను. ఇరవై నాలుగు నిమిషాలు అని చూపించింది. ఆదివారం ట్రాఫిక్ లేదు కాబోలని మురిసిపోయాను. స్నేహ దగ్గరికి నేనెప్పుడు వెళ్ళినా మెట్రోలోనే, భూమి మీద ఆ దారి ఎలా ఉంటుందో నాకేం తెలుసు? మోహన్ నగర్ బోర్డు కనిపించింది. ఢిల్లీ నిండా నగర్‌లే కదా, ఇదొకటి అనుకున్నాను. యమున దాటలేదన్న సంగతి తట్టనే లేదు. ఆరూ ముప్పై ఐదుకల్లా "గమ్యం చేరుకున్నారు" అంది. సెంట్రల్ పార్కు పక్కన కారాపి, గొప్పగా స్నేహకు ఫోన్ చేశాను.

"కిందికి రావే, పార్కు దగ్గరున్నా."

"ఇక్కడ పార్కెక్కడిది పిన్నీ? నేను జ్యూస్ షాపు దగ్గరే నిలబడ్డా. మీరు కనపడట్లేదు."

కాసేపు ఇద్దరం ఒకరి మీద ఒకరం విసుక్కున్నాం. నేను తెల్ల కారంటాను, అది ఇక్కడ కారే లేదంటుంది. పాల ప్యాకెట్ల క్రేటు దించుతున్న ఒకాయనని అడిగితే ఆయన తాపీగా, "దీదీ, యే రాజేంద్ర నగర్ హై, సాహిబాబాద్. రాజిందర్ నగర్ తో దిల్లీ మే హై" అన్నాడు. నేనున్నది మా ఇల్లున్న ఘజియాబాద్ జిల్లాలోనే, పిల్ల ఉన్నది యమున అవతల, ఢిల్లీలో కరోల్ బాగ్ పక్కన.

తప్పు కారుది కాదు. అది చెప్పింది చేసింది. తప్పు నా తెలుగు నాలుకది. మన నోటికి రాజిందర్ తిరగదు, రాజేంద్ర అయి కూర్చుంటుంది. మా వార్డులో సురిందర్ అనే అటెండర్ని పదేళ్ళుగా సురేంద్ర అనే పిలుస్తున్నాను, పాపం ఆయనా పలుకుతున్నాడు. మనుషులు సర్దుకుపోతారు, యంత్రం సర్దుకుపోదు. ఆ పక్క స్నేహ ఇంకా ఫోన్‌లోనే ఉంది. "పిన్నీ, గేటు తొమ్మిదికి" అంది, అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

తెర మీద ఈసారి అక్షరాలు కొట్టబోయాను. ఓల్డ్, న్యూ, మార్కెట్, బ్లాకు, ఇంకేవేవో వరసగా వచ్చాయి. మెట్రో దిగి నడిచి వెళ్ళడమే తప్ప, స్నేహ ఉండే గల్లీకి కారు ఎటు నుంచి వెళ్ళాలో తెలియదు. మళ్ళీ తప్పు నొక్కితే? అప్పుడు గుర్తొచ్చింది గుడ్డ సంచి. పెట్టె తీసి, రబ్బరు గిన్నెను తడిచేసి అద్దానికి అదిమి, వైరును సిగరెట్ లైటర్ కన్నంలో గుచ్చాను. అరచేయంత తెర. సేవ్ చేసిన చోట్లు అన్న దగ్గర నొక్కి ఇంగ్లీషులో ఎస్ కొట్టగానే పైకొచ్చింది: "స్నేహ బాపట్ల క్యారల్స్". ఇరవై ఆరు కిలోమీటర్లు. దేవుడా అనుకుని నొక్కాను. టైము ఆరూ యాభై.

మోహన్ నగర్ మీదుగా జీటీ రోడ్డు ఎక్కించి, షాహ్‌దరా, కశ్మీరీ గేట్ బస్టాండు వైపు వంతెన, అక్కడి నుంచి రాణీ ఝాన్సీ రోడ్డు, పూసా రోడ్డు. దారి పొడుగునా ఆ పెట్టె మీద కళ్ళు, పైన ప్రభువు మీద మనసు. అందులో మ్యాప్ రెండేళ్ళుగా మార్చలేదట. కొత్త వంతెన ఎక్కినప్పుడల్లా నా కారు బొమ్మ రోడ్డు వదిలి పొలాలకు అడ్డంపడి పోతున్నట్టు చూపించి, కాసేపటికి సిగ్గుపడి మళ్ళీ దారిలోకొచ్చేది. ఏడూ ముప్పై ఐదుకు ఒక గల్లీ మొదట్లో, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఆపమంది. ఇల్లు అది కాదే అనుకుంటూ తల తిప్పితే, నలభై అడుగుల లోపల నుంచి స్నేహ ఇంటి ఓనరాంటీ భుజం పట్టుకుని కుంటుకుంటూ వస్తోంది. లోపలికి బైకులు తప్ప పోవు. అంకుల్ ఇంటిని సేవ్ చేయలేదు, కారు ఆగి తిరగగలిగే చోటును సేవ్ చేశారు. నేను ఇంటి నంబరు పట్టుకుని వచ్చి ఉంటే ఆ గల్లీలో ఇరుక్కుని రివర్స్ రాక ఏడ్చేదాన్ని.

ద్వారకా దారిలో మాత్రం బిగించినదే గెలిచింది, అబద్ధమెందుకు? స్కూలు పెద్దది, పేరు కొట్టగానే దొరికింది. శంకర్ రోడ్డు దిగి ధౌలా కువా చేరేసరికి అంకుల్ పెట్టె ఎండకు పట్టు వదిలి ఊడి స్నేహ ఒళ్ళో పడింది. అదే నిమిషంలో వార్డు నుంచి ఫోన్. కారు తెర మీద ఆ కాల్ ఒక మూలకు చిన్న పట్టీలా వచ్చింది, మ్యాప్ కదల్లేదు. ఏ లేన్‌లో ఉండాలో బాణం గుర్తు వేసి మరీ చూపించింది. ఫ్లైఓవర్ కింద కూడా తడబడలేదు. ఎనిమిదీ ఇరవై ఎనిమిదికి స్కూలు ముందు ఆగాం. స్నేహ హాల్ టికెట్ చూసుకుంది, పెన్నులు చూసుకుంది, తలుపు తీసి మళ్ళీ వేసింది. "రాజేంద్ర నగర్ అన్నారా పిన్నీ నిజంగా?" అని నవ్వడం మొదలుపెట్టింది. నాకూ నవ్వాగలేదు. కళ్ళు తుడుచుకుని, గేటులోంచి కుంటుకుంటూ లోపలికి వెళ్ళింది. నేను అక్కకు ఫోన్ చేసి, దింపేశాను అని మాత్రం చెప్పాను.

రెండో పేపర్ నాలుగున్నర దాకా. పార్కింగ్ రోజంతటికీ అరవై రూపాయలు, నీడ పట్టు దొరకాలంటే ఎనిమిదిన్నరలోపే రావాలి. పదిహేను రూపాయల టీ తాగి, సీటు వెనక్కి వాల్చి ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకున్నాను. ఊసుపోక సేవ్ చేసిన పేర్లు తిప్పడం మొదలుపెట్టాను. తిప్పేకొద్దీ వస్తూనే ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. "సుశీల నైట్ డ్యూటీ." "గుంటూరు బాబు కుక్కలు జాగ్రత్త." "విజయమ్మ లిఫ్ట్ లేదు." "రత్నం గారు పాత ఇల్లు", దాని కిందే "రత్నం గారు కొత్త ఇల్లు". వీధి పేరున్నది ఒక్కటీ లేదు. ఢిల్లీలో మా చర్చి మొత్తం ఆ అరచేతిలో ఉంది. కొందరు ఊళ్ళకు వెళ్ళిపోయారు, ఇద్దరు ముగ్గురు లేరు కూడా. కె దగ్గరికి వచ్చేసరికి నా వేలు ఆగిపోయింది.

"కరుణ కొత్తమ్మాయి."

కరుణ అంటే నేనే. అది లక్ష్మీనగర్‌లో నా మొదటి హాస్టల్. పదకొండేళ్ళ కింద నరసాపురం నుంచి వచ్చి ఉద్యోగంలో చేరిన మొదటి ఆదివారం. హిందీ ముక్క రాదు. ఆరాధనలో ఏడుస్తున్నానని అంకుల్ వ్యాన్‌లో దింపారు. గదిలోకి వెళ్ళి కిటికీలోంచి చూస్తే వ్యాన్ ఇంకా కిందే ఉంది. బండి మొరాయించింది కాబోలు, పాపం నా వల్ల ఈయనకు తిప్పలు అనుకున్నాను. అది కూడా అప్పుడే మరచిపోయాను. ద్వారకాలో పరాయి కారులో కూర్చుని, ముప్పై ఏడేళ్ళదాన్ని, చిన్నపిల్లలా ఏడ్చాను. దుఃఖంతో కాదు, సంతోషంతోనే.

మధ్యాహ్నం స్నేహ బయటికొచ్చాక స్టీలు డబ్బాలో పులిహోర ఇద్దరం తిన్నాం. పేపర్ సంగతి అడగొద్దంది, అడగలేదు. సాయంత్రం పెట్టె చెప్పినట్టే స్నేహను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర దింపి, తిరుగు దారిలో మయూర్ విహార్‌లో ఆగాను. రోజంతా కలిపి తొంభై అయిదు కిలోమీటర్లు, పెట్రోలు ఆరు వందల పైచిల్లర. అంకుల్ వరండాలో కూర్చుని ఉన్నారు. ఆ రోజు వ్యాన్ స్టార్ట్ కాలేదా అంకుల్ అని అడిగాను.

"స్టార్ట్ అవకేం? నీ గదిలో లైటు వెలిగేదాకా ఆగాను. ఊరికే కూర్చోవడం ఎందుకని పేరు కొట్టుకున్నా. అందరికీ అంతేనమ్మా."

పెట్టె వెనక్కివ్వబోతే తీసుకోలేదు. కొత్తవాళ్ళను ఎక్కించు, పాతవాళ్ళను మాత్రం తీసేయకు అన్నారు.

సోమవారం కింది మోడల్ బుక్ చేశాం. శ్యామ్‌కు సాహిబాబాద్ కథ మొత్తం చెప్పాను, నెలకు సరిపడా నవ్వుకుని తన ఓటు మార్చుకున్నాడు. లేన్ బాణాలు పోగొట్టుకున్నందుకు ధౌలా కువా దగ్గర నాకిప్పటికీ బాధగానే ఉంటుంది. కొత్త హైవేల మీద రోజూ ఒంటరిగా తిరిగేవాళ్ళు, లేన్ మారాలంటే గుండె దడదడలాడేవాళ్ళు బిగించినదే తీసుకోండి, డబ్బు దండగ కాదు. కానీ ఆ కారు ఏడెనిమిదేళ్ళకు అమ్మేస్తాం, అందులో సేవ్ చేసినవన్నీ దాంతోపాటే ఎవరింటికో పోతాయి. ఈ పెట్టె అంకుల్ వ్యాన్ అద్దం మీది నుంచి నా కారు అద్దం మీదికి వచ్చింది, రేపు ఇంకొకరి అద్దం మీదికి పోతుంది. కొత్త మ్యాప్ కార్డు వేయించాను, రబ్బరు గిన్నె మార్పించాను. ఇప్పుడు పొలాల్లో పడి పోవడం లేదు.

చివరగా ఒక్క చిట్కా. ఏ నావిగేషన్ అయినా సరే, ఎవరినైనా ఇంటికి దింపినప్పుడు వెంటనే బండి తీయకండి. లోపల లైటు వెలిగేదాకా ఆగండి, ఆలోగా ఆ చోటును వాళ్ళ పేరుతో సేవ్ చేసుకోండి. కారు నిజంగా ఆగే చోటు మీకు దొరుకుతుంది, రాజేంద్రో రాజిందరో అన్న గొడవ ఉండదు. మొన్న ఆదివారం మా ఆసుపత్రిలో కొత్తగా చేరిన పాలకొల్లు పిల్లను దిల్షాద్ గార్డెన్‌లో దింపాను. మూడో అంతస్తు. లైటు వెలగడానికి నాలుగు నిమిషాలు పట్టింది. "బ్లెస్సీ కొత్తమ్మాయి" అని కొట్టడానికి అర నిమిషం చాలింది, మిగతా మూడున్నర నిమిషాలూ పైకి చూస్తూ కూర్చున్నాను.