బంతిల కుదిరిన దవాఖాన

మా యారాలంటే నాకు కడుపుమంట. ఇయ్యాలటికీ అంతే. దాచుకునుడు నాకు చాతగాదు, ఆమెకు కూడ ఎరుకే. యారాలంటే మా మరిది భార్య. నాకన్న చిన్నది, పదో తరగతి పాసైంది, ఎండల నాట్లేసి వచ్చినా జడ చెదరకుంట ఉంటది. నేను జనగామ దిక్కు తల్లిగారింటి నుంచి ఈ ఇంట్లకు వచ్చిన కాడికెల్లి గొడ్డూ గోదా, పొలం పని అంత నేనే చూసుకున్న. ఆమె అడుగుపెట్టినంక మా అత్తమ్మ నోట్లె ఆమె ముచ్చట తప్ప ఇంకో ముచ్చట లేకపాయె.

అన్నదమ్ములిద్దరు చెరో పార్టీల తిరిగేటోళ్లు. ఆడోళ్లకు రిజర్వేషన్ వచ్చేసరికి మమ్మల్ని మండల మెంబర్లుగ నిలబెట్టిండ్రు. మా ఊరికెల్లి నేను గెలిచిన. వాగు అవుతల తండాలున్న దిక్కుకెల్లి ఆమె గెలిచింది. ఒక్క వాకిలి ఊడ్చేటోళ్లం, మండల పరిషత్తుల మాత్రం ఎదురెదురు కుర్చీలు. ఓట్లు అడుగుకుంట తిరిగి తిరిగి ఆమె తండా వాళ్ల భాష నేర్చుకున్నది. ముసలోళ్లతోని వాళ్ల మాటల్నే నవ్వుకుంట ముచ్చట పెట్టేది. నాకైతే మా ఆయన మాట్లాడేదే సగం సమజ్‌గాదు.

నా బిడ్డను చిట్యాల దిక్కు ఇచ్చినం. మొదటి కాన్పుకు మా ఇంటికే తోల్కొచ్చినం. మా ఊర్లె దవాఖాన ఉన్నదంటె ఉన్నది, రెండు కొడితే తాళం. పొద్దుగూకే యాళ్లకు నొప్పులు మొదలైనయ్. ఆటోల ఏసుకొని మహబూబాబాదుకు, మేమైతే మానుకోట అంటం, గాడికి ఉరికిచ్చినం. తొవ్వల్నే కాన్పయింది. పిల్లగాడు దక్కలే. నా బిడ్డ మళ్ల నవ్వెటానికి చానా దినాలు పట్టింది. కొన్నొద్దులకు మళ్ల నీళ్లోసుకున్నదని తెలిస్తే సంబురం కన్న ముందు నాకు ఆ ఆటోనే కండ్లల్ల మెదిలింది.

గప్పుడే పైనుంచి కబురొచ్చింది. మండలానికి ఒక్క దవాఖానల రాత్రింబగళ్లు నర్సులుంటరట, కాన్పులు ఆడనే చేస్తరట. ఏ ఊర్లె పెట్టాల్నో మండల పరిషత్తు తీర్మానం చేసి పంపాలె. ఆలిస్యం చేస్తే పక్క మండలానికి పోతది.

మా ఊర్లె ఒకటి, వాగు అవుతల ఒకటి, రెండు దవాఖానలున్నయ్. ఇగ చూడు లొల్లి! మా పార్టోళ్లు మా ఊరే అన్నరు. వాళ్ల పార్టోళ్లు వాగు అవుతలిదే అన్నరు. మాది ముందటికి రాంగనే వాళ్లు లేసి బయటికి పోవుడు, వాళ్లది రాంగనే మేం లేసి పోవుడు. సగం మంది బయట అరుగు మీద బీడీలు తాగుకుంట కూసుంటే తీర్మానం ఎట్లయితది?

తమాష ఏందంటె, అవి తెలంగాణ కొట్లాట దినాలు. రోడ్డు పొంటి దీక్ష టెంటు ఏసిండ్రు. పొద్దుగాల రెండు పార్టీలోళ్లు గా టెంటుల ఒక్క జంపఖానా మీద కూసొని ఒక్కటే గొంతుతోని జై తెలంగాణ అనేది. పగటీలి మండల ఆఫీసుకు పోతె ఒకని మొకం ఒకడు చూసేది లేదు. మీ నోట్లె మన్నువడ, రాష్ట్రం కోసం ఒక్కటైతరు గని ఆడోళ్ల కాన్పుల కోసం ఒక్కటి కారా అని టెంటు ముంగటనే తిట్టిన. ఎవనికి ఇనవడది!

నేను కూడ మా ఊర్లెనే కావాలన్న. అబద్ధమెందుకు? నీ కోసం గీ దవాఖాన నేను తెచ్చిన బిడ్డా అని నా బిడ్డకు నేను చెప్పాలని ఉండె. మా యారాలు తెచ్చిందనే మాట ఇనుడు నాతోని అయ్యేపని కాదు.

ఒకనాడు వంటా వార్పు పెట్టిండ్రు. రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి, రోడ్డు మీదనే వండి తిని, బండ్లు బందు పెట్టుడన్నట్టు. వంట నాకప్పజెప్పిండ్రు. మా మండలంల గుత్తి వంకాయ నా తీరు ఎవ్వలు వండరు, గది మా యారాలు కూడ ఒప్పుకుంటది. పొద్దటికెల్లి పొయ్యి కాడ పొగల కండ్లు మండుకుంట వండిన. ఆమె కొంగు నడుముకు చెక్కి వడ్డిచ్చెటానికి నిలవడ్డది.

మా దిక్కు బంతి మర్యాదని ఒకటుంటది. ఒక్క వరుసల తిననీకి కూసున్నంక అందరు తినుడు అయ్యేదాక ఎవ్వలు లేవొద్దు. నడుమల లేస్తె పక్కోని ఇస్తారి మీద ఉమ్మేసినంత తప్పు. మా యారాలు ఏం చేసిందంటె, రెండు పార్టీల మెంబర్లను ఏరి ఏరి ఒక్క బంతిల కూసోబెట్టింది. మండల ఆఫీసరును కూడ నడుమల కూసోబెట్టింది. అందరు అన్నంల చెయ్యి పెట్టేదాక ఆగి, కూర గంటె పట్టుకొని వరుస ముంగట నిలవడి మొదలుపెట్టింది.

"అన్నలార, తినుకుంటనే జర ఇనుండ్రి. వానకాలం వాగొస్తె తండాల ఆడోళ్లు ఇటు దాటలేరు. కాన్పుల దవాఖాన అవుతలనే ఉండనీయుండ్రి. అంబులెన్సు ఈ ఊర్లె పెడదాం, అటు ఇటు తిరుగుతది. తీర్మానం మీ పార్టీదే అనుకోండ్రి, మా అక్కనే పెడతది. నేను బలపరుస్త."

మా పార్టీ పెద్దమనిషికి కోపమొచ్చి సగం లేసిండు. పక్కకు కూసున్న ముసలాయన ఆయన అంగీ పట్టి గుంజిండు. "ఏ, కూసో! బంతిల కెల్లి లేస్తరా ఎవలన్న?" అన్నడు. పెద్దమనిషి కూలవడ్డడు. నోట్లె బుక్క, చేతికి పులుసు, ఎటు పోతడు? మండల ఆఫీసుల ఒక్కనాడు నిమ్మలంగ ఇననోళ్లు ఆడ అంతా ఇన్నరు. ఇంటే సరిపాయె, బేరం మొదలైంది. పొద్దటిపూట చూసే డాక్టరు మా ఊర్లెనే ఉండాలన్నరు మావోళ్లు. ఉండనీ అన్నరు వాళ్లు.

ఇస్తార్లు ఖాళీ అయితున్నయ్. మాట ఇంక తెగలే. మా యారాలు నా దిక్కు తిరిగి, "అక్కా, అన్నం తే, వంకాయ తే" అన్నది. ఇస్తారిల అన్నం ఉన్నంతసేపు బంతి లేవదు. గది సమజై నా ఒళ్లు మండింది. నా కూరతోని నా ఊరినే ఓడగొడుతున్నది! గింత ఉపాయం నాకెందుకు తట్టలే? బంతి నాకు తెల్వదా, నేను పుట్టినకాడికెల్లి బంతులల్ల వడ్డిచ్చుకుంటనే ఉన్న గద!

"నువ్వేమంటవమ్మా?" అన్నడు మా పెద్దమనిషి నన్ను చూసి. నేను కాదంటె ఆడికి ఖతం. మావోళ్లు అందరు గా మాట కోసమే చూస్తున్నరు. టెంటు నీడకు నా బిడ్డ కూసొని ఉన్నది, కడుపు మీద చెయ్యి పెట్టుకొని, మా దిక్కు చూడకుంట రోడ్డు దిక్కు చూస్తున్నది.

"అవుతలనే కానియ్యుండ్రి" అన్న. అని, ఆయన ఇస్తారిల ఇంకో రెండు వంకాయలు ఏసిన.

అంతమంది ముంగట బంతిల ఒప్పుకున్న మాటను మళ్ల కాదననీకి ఎవ్వనికి మొకం చెల్లలే. మండల ఆఫీసుల తీర్మానం నేనే పెట్టిన, అందరు చేతులెత్తిండ్రు. కాయిదం మీద నా పేరే. ఊర్లె మాత్రం చిన్నకోడలు తెచ్చింది, చిన్నకోడలు తెచ్చింది అని ఒక్కటే పాట. కిరాణా దుకాణం కాడ ఇన్న, బోరింగు కాడ ఇన్న, ఆఖరికి మా ఆయన నోట్లె కూడ ఇన్న. ఆనాడు ఆయనకు కూరల ఉప్పెయ్యలే.

ఎండకాలంల నా బిడ్డకు నొప్పులొచ్చినయ్. అంబులెన్సు ఇంక రాకపాయె, ఎండిన వాగుల కెల్లి ఆటోల అవుతలికి పోయినం. నర్సమ్మ గేటు కాడనే ఎదురొచ్చింది. నేను, మా యారాలు బయట బల్ల మీద కూసున్నం. ఆమె చీర కొంగు మెలివెడుతనే ఉన్నది. ఏడుపు ఇనవడ్డది. పిల్ల ఏడుపు! బల్ల మీదికెల్లి దిగ్గున లేసిన.

మమ్మల్ని లోపలికి పిలిచిండ్రు. నర్సమ్మ పిల్లను బట్టల చుట్టి పట్టుకున్నది. ఎవలకియ్యాలె అన్నది. నేను చేతులు చాపి ముంగటికి పోయిన.

"చిన్నమ్మకియ్యి" అన్నది నా బిడ్డ మంచంల కెల్లి.

మా యారాలు ఎత్తుకున్నది. ఏడ్చింది, నవ్వింది, పిల్ల నుదురు ముద్దువెట్టుకున్నది. నేను చేతులు అట్లనే పెట్టుకొని నిలవడ్డ. నా మొకం చూసిందో ఏమో, దగ్గరకొచ్చి, "ఇగో అక్కా, నీ మనుమరాలు" అని పిల్లను నా చేతులల్ల పెట్టింది.

పిల్లను కూడ ఆమెనే ఇచ్చింది నాకు.