తట్టి చూసే ఉపేందర్

ఉపేందర్‌కు ఒక్కటే అలవాటు. చేతికందిన ప్రతిదాన్నీ మధ్యవేలు మడిచి తట్టి చూస్తాడు. చెవి దగ్గర పెట్టుకుని విని, "జర ఇంకోసారి" అని తనకు తానే చెప్పుకుని మళ్ళీ తడతాడు. తలుపు, నీళ్ళ డ్రమ్ము, గ్యాస్ సిలిండరు, పక్కవాడి హెల్మెట్, దేన్నీ వదలడు. హెల్మెట్ లోపల పక్కవాడి తల ఉన్నా సరే వదలడు.

స్వరూపరాణికి ఈ సంగతి అతను గది చూడటానికి వచ్చిన రోజే అర్థం కావాల్సింది. సరూర్‌నగర్ చెరువుకూ దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డుకూ మధ్య గల్లీలో ఆమెకు ఒక ఇల్లు, ఆ ఇంటి డాబా మీద ఒక ఒంటి గది ఉన్నాయి. కిరాయికి వచ్చేవాళ్ళు నీళ్ళెప్పుడొస్తాయి, బండి ఎక్కడ పెట్టుకోవాలి అని అడుగుతారు. ఉపేందర్ గది వైపు చూడనే లేదు. తిన్నగా నల్ల ట్యాంకు దగ్గరికి వెళ్ళి పైనా మధ్యనా కిందా తట్టాడు.

"పెద్దమ్మా, ఇందుల నీళ్ళు ఎప్పుడూ ఇట్ల నిండుగనే ఉంటయా?"

"నిండుగనే ఉంటయి బిడ్డా. మా ఇంట్ల నీళ్ళకు పరేషాన్ లేదు."

"సగం ఉంటెనే మంచిగుంటది పెద్దమ్మా."

నీళ్ళు పొదుపుగా వాడే పిల్లవాడు దొరికాడనుకుని ఆమె మురిసిపోయింది. ఆ మురిపెం సాయంత్రం దాకా ఉంది. సాయంత్రం ఆమె భర్త బిక్షమయ్య విచారణ మొదలుపెట్టాడు. సర్కారు కొలువులో రిటైరైన మనిషి, ఎదుటివాడి వివరాలు పూర్తిగా రాబట్టనిదే ఆయనకు టీ దిగదు.

"ఏం పని చేస్తవ్?"

"డీజే పాటలకు కిక్కులు, బేసులు తయారు చేస్త పెద్దనాయినా."

"అంటే పాటలు రాస్తవా?"

"రాయను."

"పాడుతవా?"

"పాడను."

"మరేం చేస్తవయ్యా?"

ఉపేందర్ ఆయన కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీని వెనక నుంచి తట్టి చూపించాడు. "పాటల ధన్ ధన్ అని గుండె మీద తన్నేది ఉంటది సూడు, అది కిక్. దాని ఎనుకనే భూం అని సాగేది బేస్. ఆ ధన్ నేను చేస్త. ఆ భూం గూడ నేనే చేస్త."

"ఒక్క ధన్‌కు ఎంతసేపు పడతది?"

"మంచిగ కుదిరితే వారం."

కొలువులో ఒక్కో ఫైలు తన బల్ల మీద ఎన్నాళ్ళు పడుకునేదో గుర్తొచ్చింది కాబోలు, బిక్షమయ్య ఆ జవాబును ఎంతో గౌరవించాడు. గది ఉపేందర్‌దైపోయింది.

అప్పటి నుంచీ ఆ ఇంట్లో మోగని వస్తువు లేదు. స్వరూపరాణి బియ్యం డబ్బా మూత తెరిస్తే మెట్ల మీద నుంచి గొంతు వినిపించేది, "పెద్దమ్మా, జర ఇంకోసారి" అని. ఫోన్‌లో ఆ చప్పుడు పట్టుకుపోయి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కంప్యూటర్‌లో దాన్ని సాగదీసి, లావు చేసి, తోక కత్తిరించి, వారం తర్వాత కిందికి తెచ్చి వినిపించేవాడు. బియ్యం డబ్బా మూత కాస్తా ఏనుగు అడుగై వచ్చేది. "ఇది నా డబ్బానేనా?" అని ఆమె నోరు తెరిచేది. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళి డబ్బా సొట్ట పడలేదు కదా అని తిప్పి తిప్పి చూసుకునేది.

ఒకసారి దగ్గు పట్టుకుని దవాఖానకు పోయాడు. డాక్టర్ అతని వీపు మీద వేళ్ళు పెట్టి తట్టాడు. "సార్, జర ఇంకోసారి, ఫోన్ ఆన్ చేసుకుంట" అన్నాడు ఉపేందర్. డాక్టర్ దగ్గు మందుతో పాటు నిద్రమాత్ర కూడా రాసిచ్చాడు.

పుచ్చకాయల కథ అయితే గల్లీ ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఎండాకాలం ఒకరోజు బిక్షమయ్య బాటసింగారం మార్కెట్‌కు పోతూ, కాయను తట్టి చూడటంలో ఇంతకన్నా మొనగాడు దొరకడని ఉపేందర్‌ను వెంట తీసుకుపోయాడు. ఉపేందర్ లారీ పక్కన కూర్చుని గుట్టలో ప్రతి కాయనూ తట్టి, కళ్ళు మూసుకుని విని, సంచి నింపాడు. ఇంటికొచ్చి కోస్తే ఒక్కటీ ఎర్రగా లేదు.

"ఏందయ్యా ఇది, సొరకాయ లెక్క తెల్లగుంది?" అన్నాడు బిక్షమయ్య.

"పండు సంగతి నాకేం తెల్సు పెద్దనాయినా. సౌండ్ మాత్రం కిరాక్ ఉంది."

ఎదురింటి ఉదయలక్ష్మిది గుంటూరు వైపు. పారేయటం ఇష్టంలేక ఆ కాయలను పప్పులో వేసి గల్లీకంతా పంచింది. "బాగానే ఉందండీ, కొంచెం చింతపండు ఎక్కువ పట్టింది అంతే" అని అందరికీ సర్దిచెప్పింది.

బిక్షమయ్యకు మాత్రం కోపం నిలవలేదు. అందుకు కారణం ఆయన పొట్ట. ఒక మధ్యాహ్నం భోజనం చేసి పడుకుంటే ఉపేందర్ అనుమతి అడిగి మరీ ఆ పొట్టను తట్టి, ఆ చప్పుడుతో ఒక కిక్ తయారు చేశాడు. ఆ కిక్ ఉన్న పాట ఎల్బీ నగర్ చౌరస్తాలో ఏదో ఆటోలో మోగగా బిక్షమయ్య చెవిన పడింది. అప్పటి నుంచి కనపడ్డ వాళ్ళకల్లా, "ఆ పాట ఇన్నవా? అండ్ల నా కడుపుంది" అని చెప్పసాగాడు. రాత్రిపూట అన్నం తగ్గించమని భార్య అంటే, సౌండ్ మారిపోతుందనేవాడు.

ఇలా హాయిగా సాగుతున్న ఇంట్లోకి పాప వచ్చింది.

స్వరూపరాణి కూతురు సుజనకు నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. దవాఖానలో చాలా రోజులు అద్దాల పెట్టెలో ఉండి, గుప్పెడంత ప్రాణంతో ఇంటికొచ్చింది. పిల్లకు నిద్రే మందని డాక్టర్ చెప్పాడు. వచ్చిన చిక్కల్లా ఆ నిద్రతోనే. వాళ్ళ ముందు గది కిటికీ పాతకాలపు ఇనుప చట్రం, అద్దాలు వదులు. గల్లీలో నీళ్ళ ట్యాంకర్ పోతే చాలు, అద్దాలు గలగలా మోగేవి. పాప రెండు చేతులూ పైకి విసిరి ఉలిక్కిపడి లేచేది. ఒకసారి లేస్తే మళ్ళీ పడుకోదు, పాలు తాగదు. స్వరూపరాణి చట్రంలో కాగితాలు మడిచి దోపింది. అయినా మోగేవి. వెనక గదిలో పడుకోబెడదామంటే గోడ అవతలే బోరు మోటారు. ఆ ఇంట్లో అందరూ పిల్లి అడుగులు వేస్తూ బతకసాగారు. ఉపేందర్ కూడా మెట్ల మీద చెప్పులు చేత్తో పట్టుకుని తిరిగాడు.

సరిగ్గా అప్పుడే గల్లీ చివరింటి బాల్‌రాజ్ కొడుకు శైలేందర్‌కు పెళ్ళి కుదిరింది. బాల్‌రాజ్‌ది ఆ ఊరి పాత రైతు కుటుంబం, ఇప్పుడు ప్లాట్ల వ్యాపారం. కొడుకు బరాత్ ఊరేగింపు డీజే లేకుండా గల్లీలోకి వస్తే ఆయనకు తల కొట్టేసినట్టుంటుంది. స్వరూపరాణి వెళ్ళి పిల్ల సంగతి చెప్పుకుంది.

"స్వరూపక్కా, నీ మనవరాలు నాకు మనవరాలు గాదా? పెండ్లి పిలగాడు ఒత్తడు, మీ ముంగట జరసేపు ఆగుతడు, పోతడు. డీజే బంద్ అంటె మాత్రం నా తోని గాదు," అన్నాడు బాల్‌రాజ్. "అయినా పాట చేసేటోడు ఎవరనుకున్నవ్? మీ ఉపేందరే. గల్లీ అదిరిపోవాలె అని చెప్పిన."

ఆమె ఇంటికి వచ్చి, కింది మెట్టు మీద నిలబడి గొంతు తగ్గించి కేకేసింది. గొంతు తగ్గించి కేకేయటం పాప వచ్చాక ఆమె నేర్చుకున్న విద్య.

"ఆ పాట నువ్వే చేస్తున్నవంట?"

ఉపేందర్ పైనుంచి తొంగి చూశాడు. "అవును పెద్దమ్మా. ధన్ అయిపోయింది. భూం ఉన్నది."

"నీ భూంకు నా మనవరాలు లేసి ఏడిసిందనుకో, తెల్లారి నీ సామాన్ రోడ్డు మీద ఉంటది. ఒక్కసారే చెప్తున్న."

ఉపేందర్ బాగా ఆలోచించి, "ఏ కిటికీ పెద్దమ్మా?" అని అడిగాడు.

అడిగి ఊరుకోలేదు. కిందికి వచ్చి, పాప పడుకున్న గదిలోకి దొంగలా దూరి, అద్దాలను గోటితో ఒక్కొక్కటే మెల్లగా తట్టసాగాడు. ఆ తర్వాత బీరువా, ఆ తర్వాత గిన్నెల స్టాండు. స్వరూపరాణి చీపురు తీసుకునే దాకా ఆగలేదు.

"ఏం చేస్తున్నవ్ రా?"

"పాట కోసం పెద్దమ్మా," అన్నాడు ఉపేందర్, చీపురు అందనంత దూరం జరుగుతూ.

ఆ మాటకు ఆమె ఒళ్ళు మండిపోయింది. పసిపిల్ల నిద్ర చెడగొట్టే కిటికీ చప్పుడును కూడా పాటలో కలిపేటంత పిచ్చి అతనికి ఉందని ఆమె అనుకోలేదు. మర్నాటి నుంచి అతను గల్లీ మీద పడ్డాడు. ఇంటింటి కిటికీ, గేటు, షట్టరు తట్టుకుంటూ పోయాడు. ఉదయలక్ష్మి ఫిర్యాదుకు వచ్చింది.

"మీ ఉపేందర్ మా వరండా రేకులు కొట్టాడండీ."

"కొట్టి పారిపోయిండా?"

"పారిపోతే పిల్లచేష్ట అనుకుందును. కొట్టి అక్కడే నిలబడ్డాడు. ఇంకోసారి కొట్టి, థాంక్సండీ అని చెప్పి వెళ్ళాడు. అదే భయమేసింది నాకు."

బాల్‌రాజ్ మాత్రం మీసం మీద చెయ్యి వేసుకుని తిరిగాడు. గల్లీలోని చప్పుళ్ళన్నీ తన కొడుకు పాటలో ఉంటాయని కనపడ్డవాళ్ళకల్లా చెప్పాడు. స్వరూపరాణి ఆ గదికి కొత్త కిరాయిదారు కోసం వెతకటం మొదలుపెట్టింది.

బరాత్ రోజు వీధి దీపాలు వెలిగే వేళకు ఆమె తలుపులన్నీ మూసి, పరదా లాగి, కిటికీ దగ్గర నిలబడింది. సుజన ఒళ్ళో పాప నిద్రపోతోంది. మలుపు దగ్గర డీజే బండి తిరిగింది. ధన్ మంది. ఆ దెబ్బ ముందు ఆమె అరికాళ్ళకు తెలిసింది, తర్వాత గుండెకు తెలిసింది. ఆ వెనకే భూం వచ్చింది. స్టూలు మీద గ్లాసులో నీళ్ళు సన్నగా వణికాయి. ఆమె ఊపిరి బిగబట్టి కిటికీ వైపు చూసింది.

కిటికీ మోగలేదు.

బండి ఇంటి ముందే ఆగింది. పరదా సందులోంచి చూస్తే కుర్రాళ్ళు ఎగురుతున్నారు. వాళ్ళ మధ్యన బిక్షమయ్య పొట్ట మీద చెయ్యి కొట్టి చూపిస్తూ, "గా ధన్ నేనే" అంటూ ఆడుతున్నాడు. గిన్నెల స్టాండు కిక్కురుమనలేదు, బీరువా ఉలకలేదు. ఇంతలో ఎవరో సౌండ్ పెంచమని అరిచారు. డీజేవాడు పెంచాడు. మూల అద్దం ఒకటి గలగలమంది. స్వరూపరాణి పరదా మీద చెయ్యి వేసింది. అంతలోనే ఆ చప్పుడు ఆగిపోయింది.

పరదా తీసి చూస్తే, అద్దానికి అవతల అరచెయ్యి ఒకటి ఆనించి ఉంది. ఉపేందర్ డాన్సుకు వీపు తిప్పి, ఒక చేత్తో ఆ అద్దాన్ని అదిమి, రెండో చేత్తో చట్రాన్ని పట్టుకుని నిలబడ్డాడు. గల్లీ అంతా అతను చేసిన పాటకు ఊగుతుంటే, అతను ఒక్కడే కదలకుండా కిటికీని కాపలా కాస్తున్నాడు. ఆమెను చూసి, పాప లేచిందా అని కళ్ళతోనే అడిగాడు. లేదని ఆమె తల ఊపింది.

బండి కదిలాక బాల్‌రాజ్ మెల్లగా తలుపు తీసి లోపలికి తొంగి చూశాడు.

"పాప లేసిందా అక్కా?"

"లేవలే. కిటికీ ఎందుకు మోగలేదన్నా?"

"మోగే సొరం తీసేసిండు గద. నేను నిన్ననే లొల్లి పెట్టుకున్న. ఏ వస్తువైనా తడితే ఏ సొరం పలుకుతదో, పాటల గా సొరం ఒస్తెనే వణుకుతదంట. ఇది పెద్దమ్మ కిటికీ సొరం అని ఒకటి తీసేసిండు, ఎదురింటి రేకుల సొరం అని ఇంకోటి. నా కొడుకు బరాత్‌కు గల్లీల ఏ వస్తువుకూ పట్టని సొరాలు మిగిలితే, వాటి తోని పాట చేసిండు," అని వాపోయాడు బాల్‌రాజ్. "కానీ మంచిగనే ఒచ్చిందిలే."

చీపురు పట్టుకుని తరిమిన సంగతి గుర్తొచ్చి స్వరూపరాణికి సిగ్గేసింది. కిటికీ వైపు చూస్తే అద్దం మీద అరచేతి చెమట మరక ఉంది, మనిషి మాత్రం లేడు. బరాత్ గల్లీ చివరికి పోయింది. ధన్ సన్నగిల్లి, భూం సన్నగిల్లి, పూర్తిగా ఆగిపోయింది.

అప్పుడు లేచింది పాప. లేచి గుక్కపట్టి ఏడ్చింది.

"మంచిగనే పండుకుందమ్మా," అంది సుజన, పాపను భుజాన వేసుకుని. "సౌండ్ ఉన్నంతసేపు హాయిగ ఉన్నది. అది పోంగనే లేసింది."

స్వరూపరాణి మెట్ల దగ్గరికి వెళ్ళింది. ఎప్పుడూ కింది మెట్టు మీద నుంచే కేకేసే మనిషి, ఆ రోజు పైదాకా ఎక్కి, మధ్యవేలు మడిచి తలుపు తట్టింది. లోపల సామాను సర్దుతున్న చప్పుడు ఆగింది.

"జర ఇంకోసారి," అంది లోపలి గొంతు.

ఆమె తిట్టబోయి, మానేసి, ఇంకోసారి తట్టింది.

ఉపేందర్ తలుపు తీశాడు. పరుపు చుట్టేసి ఉంది, వైర్లన్నీ సంచిలో ఉన్నాయి. "ఈ తలుపు ఇంత మంచిగ మోగుతదని ఇన్ని దినాలు తెల్వలే పెద్దమ్మా," అన్నాడు దిగులుగా. "పాప ఏడుపు ఇనబడ్డది. తెల్లారంగనే పోత."

"అది నీ భూంకు లేవలే. నీ భూం పోయినంక లేసింది. కిందికి రా."

"నేనెందుకు పెద్దమ్మా?"

"ఎందుకంటె, దానికి ఇంకోసారి గావాల్నట."

ఉపేందర్ సంచి అక్కడే వదిలేసి, ఫోన్ ఒక్కటి పట్టుకుని ఆమె వెంట మెట్లు దిగాడు. దిగుతూ దిగుతూ ఇనుప రెయిలింగును ఒకసారి తట్టాడు. రెండోసారి స్వరూపరాణి తట్టింది.